తింటుంటిమి, పోతుంటిమి, కొమీయమోస్

పోయినేడు జూన్‌లో మెదక్ వెళ్ళినప్పుడు మా అమ్మాయి బట్టలకంటే ముందు సూట్‌కేసులో పెట్టుకున్నవి స్పానిష్ వర్క్‌షీట్లు. మేముండేది టెక్సాస్‌లో. అక్కడి బళ్ళలో రెండో భాష అంటే చాలామందికి స్పానిషే. సెలవులకి వాళ్ళ టీచరిచ్చిన హోంవర్క్ ఏంటంటే, ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా వాళ్ళ చిన్నతనం గురించి అడిగి స్పానిష్‌లో పది వాక్యాలు రాయాలి. క్రియలన్నీ ఇంపర్‌ఫెక్ట్ అనే భూతకాలంలో ఉండాలి.

పెద్దవాళ్ళంటే ఇంకెవరు, మా అమ్మే. డెబ్భై దాటిన మనిషి, మెదక్ దాటి ఎక్కువగా పోయింది లేదు, స్పానిష్ అనే భాష ఒకటుందని కూడా తెలీదు. ఈవిడ దగ్గర మా పిల్ల స్పానిష్ వ్యాకరణం నేర్చుకుంటుందని ఎవరైనా అంటే నేను నవ్వేవాణ్ణి. ఆ రోజు జరిగింది మాత్రం అదే. ఇంతకీ ఆ పాఠం పిల్లకంటే నాకే ఎక్కువ అవసరమని తర్వాత అర్థమైంది. ఆ సంగతి చెప్దామనే ఇది రాస్తున్నాను.

ముందు ఈ ఇంపర్‌ఫెక్ట్ గొడవేంటో చెప్పాలి. నాకు స్పానిష్ బాగా వచ్చని కాదు. ఆఫీసులో మెక్సికో టీమ్‌తో పని పడ్డప్పుడు ఫోన్లో యాప్ పెట్టుకుని ఓ రెండేళ్ళు కుస్తీ పట్టాను, అంతే. ఆ కుస్తీలో నన్ను ఎక్కువగా కింద పడేసింది ఈ భూతకాలాలే.

స్పానిష్‌లో మామూలుగా వాడే భూతకాలాలు రెండు. ఒకటి అయిపోయిన పని. 'కొమియో' అంటే తిన్నాడు. పని మొదలైంది, ముగిసింది, కంచం కడిగేశారు. రెండోది ఇంపర్‌ఫెక్ట్. 'కొమీయ' అంటే తినేవాడు. లేదా ఎవరో వచ్చేసరికి తింటూ ఉన్నాడు. మొదలెప్పుడో ముగింపెప్పుడో దీనికి అక్కర్లేదు, మనం ఆ పని మధ్యలో నిలబడి చూస్తున్నట్టు. మన భాషలో (అంటే ప్రోగ్రామర్ల భాషలో) చెప్పాలంటే మొదటిది లాగ్ ఫైల్లో ఒక లైను, దానికొక టైమ్‌స్టాంప్ ఉంటుంది. రెండోది వైల్ లూప్ లోపల నిలబడి చుట్టూ చూడటం. లూప్‌లోంచి ఎప్పుడు బయటపడ్డామనేది ఆ లైను చెప్పదు.

రూపాలు కట్టడం మాత్రం చాలా సులువు. స్పానిష్ క్రియలు ఆర్, ఎర్, ఇర్ అనే మూడు తోకలతో ముగుస్తాయి. ఆర్ తోక వాటికి ఆ తోక కోసేసి 'ఆబ' వరస తగిలించాలి. 'అబ్లార్' అంటే మాట్లాడటం:

నేను - అబ్లాబ
నువ్వు - అబ్లాబస్
అతను, ఆమె - అబ్లాబ
మేము - అబ్లాబమోస్
వాళ్ళు - అబ్లాబన్

ఎర్, ఇర్ తోకల వాటికి 'ఈయ' వరస. 'కొమేర్' అంటే తినడం:

నేను - కొమీయ
నువ్వు - కొమీయస్
అతను, ఆమె - కొమీయ
మేము - కొమీయమోస్
వాళ్ళు - కొమీయన్

('మీరందరూ' అనే రూపం ఇంకోటుంది గానీ దాన్ని స్పెయిన్‌లోనే వాడతారు, లాటిన్ అమెరికాలో 'వాళ్ళు' రూపమే దానికీ సరిపోతుంది.) ఈ 'ఆబ' ఎక్కడిదంటే లాటిన్‌ది. 'అమాబమ్' అనేది 'అమాబ' అయింది. ఎర్ క్రియల్లో ఆ 'బ' నోట్లో అరిగిపోయి 'ఈయ' మిగిలింది. ఒక్కమాట మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఈ కాలంలో దారి తప్పే క్రియలు మొత్తం స్పానిష్ భాషలో మూడే మూడు: సేర్ (అవడం, ఉండటం), ఈర్ (వెళ్ళడం), బేర్ (చూడటం). అవి ఎర, ఈబ, బెయీయ అవుతాయి. అయిపోయిన పనుల భూతకాలంలో దారి తప్పేవి డజన్లకొద్దీ ఉన్నాయి. దాంతో పోలిస్తే ఇది పండగ.

మరి పిల్లలు దీంట్లో ఎందుకు తప్పుతారు? రూపం దగ్గర కాదు, ఎప్పుడు ఏది వాడాలన్న దగ్గర. ఎందుకంటే వాళ్ళు ఇంగ్లీషు లోంచి వెళ్తారు. ఇంగ్లీషులో 'ఏట్' అంటే తిన్నాడు కూడా, రోజూ తినేవాడు కూడా. 'యూజ్డ్ టు' ఉంది, 'వాజ్ ఈటింగ్' ఉంది, 'వుడ్ ఈట్' కూడా ఉంది. మూడు నాలుగు గుమ్మాల్లోంచి వచ్చి ఒకే గదిలోకి దూరాలి. మా అమ్మాయి పుస్తకంలో దీనికోసం ఒక పేజీ నిండా రూల్సే. అలవాటైతే ఇది, వయసు చెప్తే ఇది, టైము చెప్తే ఇది, వాతావరణం వర్ణిస్తే ఇది...

ఆ పేజీ చూసి నేను జ్ఞానం ఒలకబోశాను. "ఇన్ని రూల్స్ ఎందుకమ్మా, తెలుగులో ఆలోచించు. తిన్నాడు అంటే ఒకటి, తినేవాడు అంటే ఇంకోటి. వెళ్ళాను, వెళ్ళేవాణ్ణి. చూశాను, చూసేవాణ్ణి. అంతే." కథలు కూడా గుర్తుచేశాను. అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు ఉన్నాడు అనం కదా, ఉండేవాడు అంటాం. స్పానిష్ కథలు కూడా 'అబీయ ఊన బేస్' అని మొదలవుతాయి, ఆ 'అబీయ' ఇంపర్‌ఫెక్టే. పిల్ల ఇంప్రెస్ అయింది. నేనూ నామీద నేను ఇంప్రెస్ అయ్యాను :)

సాయంత్రం వాన తెరిపిచ్చాక అరుగు మీద ఇంటర్వ్యూ మొదలైంది. అమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. పిల్ల నోట్‌బుక్ తెరిచి, ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న తెలుగులో పద్ధతిగా అడిగింది.

"నానమ్మా, మీరు చిన్నప్పుడు ఏమి తినేవారు?"

అమ్మ ఒక్క క్షణం దాని మొహం చూసింది. తర్వాత "ఏముండె బిడ్డా తినేతందుకు" అని మొదలుపెట్టింది. "జొన్నరొట్టె తింటుంటిమి. గట్క తింటుంటిమి. పండుగొస్తే మా అమ్మ వరన్నం వండుతుండె. ఆ దినం పిల్లలమందరం పొయ్యికాడనే కూసుంటుంటిమి."

మెదక్ పేరే మెతుకు లోంచి వచ్చిందని మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. మెతుకు సీమ. ఆ మెతుకు మా అమ్మ చిన్నప్పుడు పండగనాడే కంచంలోకి వచ్చిందన్న సంగతి నేను ఎన్నిసార్లు విన్నానో. కానీ ఆ రోజు నా చెవి కథ మీద లేదు.

"ఇంకా ఏం చేసేవారు?"

"పొద్దుగాల్నే లేస్తుంటిమి. బాయికాడికి పోతుంటిమి, నీళ్ళు తోడుకొస్తుంటిమి. మా నాయిన నాగలి కట్టుకొని పోతుండె. మా అక్క కైకిలి పోతుండె. శివరాత్రికి బండ్లు కట్టుకొని ఏడుపాయలకు పోతుంటిమి. క్రిస్మస్‌కు పెద్ద చర్చికాడ జాతర లెక్క జనమొస్తుండిరి, మేము గూడ చూసేతందుకు పోతుంటిమి."

పిల్ల పెన్ను ఆపి నావైపు తిరిగింది. "నాన్నా, నానమ్మ ప్రతి వెర్బ్‌కి ఒకటే ఎండింగ్ పెడుతోంది. తింటుంటిమి, లేస్తుంటిమి, పోతుంటిమి. ఇట్స్ ఎగ్జాక్ట్‌లీ లైక్ కొమీయమోస్. దీనికి చార్ట్ ఉందా?"

చార్ట్! నలభై ఏడేళ్ళుగా వింటున్న భాష, దానికి చార్ట్ ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. సరే వేద్దామని వర్క్‌షీట్ వెనకాల గీత గీశాం. అమ్మని అడుగుతూ నింపాం.

నేను - తింటుంటి
నువ్వు - తింటుంటివి
ఆయన, ఆమె, అది - తింటుండె
మేము - తింటుంటిమి
మీరు - తింటుంటిరి
వాళ్ళు - తింటుండిరి

తర్వాత పో, వచ్చు, చూడు, చేయి, పండు, నవ్వు. ఒక్కటి కూడా దారి తప్పలేదు. పోతుంటి, వస్తుంటి, చూస్తుంటి, చేస్తుంటి. స్పానిష్‌లో దారి తప్పిన మూడు క్రియలు కూడా మా అమ్మ దగ్గర బుద్ధిగా లైన్లో నిలబడ్డాయి. 'ఆయన, ఆమె' గడి చూసి పిల్ల ఇంకో కేక పెట్టింది. స్పానిష్‌లో కొమీయ అంటే అతనైనా ఆమెయినా ఒకటే. మా అమ్మ భాషలోనూ నాయినైనా అక్కైనా 'పోతుండె' ఒకటే. నేను మధ్యాహ్నం నేర్పిన 'తినేవాడు, తినేది, తినేవాణ్ణి, తినేదాన్ని' అనే వరసలో మగా ఆడా తేడా చూసుకోవాలి. అందులోకి వెళ్తే స్పానిష్ కంటే తెలుగే కష్టం.

(తింటుంటిమి, కొమీయమోస్ రెండిట్లోనూ 'మేము' అనేదానికి మకారం రావడం కాకతాళీయం. రెండు భాషలకీ చుట్టరికం లేదు. వాట్సాప్‌లో స్పానిష్ తెలుగులోంచే పుట్టిందని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే దానికి నన్ను బాధ్యుణ్ణి చేయొద్దు.)

అప్పుడు పిల్ల అడిగింది అసలు ప్రశ్న. "మరి నువ్వెందుకు తినేవాళ్ళం అని నేర్పావ్? నానమ్మది నీది సేమ్ తెలుగు కాదా?"

అమ్మ చిక్కుడుకాయలు చూసుకుంటూనే "మీ నాయిన పట్నం పోయినంక మాట మార్చిండు బిడ్డా" అంది. కోపంగా కాదు. వాన పడ్డది, ఎండ కొట్టింది అన్నట్టు.

ఆ మాట మార్చిన కథ ఇది. పదో తరగతి దాకా మెదక్‌లో చదివి ఇంటర్‌కి హైదరాబాదులో ఒక కాలేజీలో చేరాను. మొదటి నెలలో ఓ రోజు క్లాసుకి లేటయింది. ఎందుకు లేటని లెక్చరర్ అడిగితే "బస్సు కోసం చూస్తుంటి సార్" అన్నాను. క్లాసు క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. "చూస్తుంటివా? ఏం చూస్తుంటివి?" అని ఇంకోసారి అనిపించాడు. ఆ తర్వాత రెండేళ్ళు నా పేరు 'చూస్తుంటి'. హాస్టల్లో మెస్ దగ్గర కూడా "ఒరేయ్ చూస్తుంటీ" అని పిలిచిన వాళ్ళున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ మంచి స్నేహితులే, నాకు వాళ్ళమీద ఏమీ లేదు. పదహారేళ్ళ వాళ్ళు, సినిమాల్లో రౌడీకీ కమెడియన్‌కీ మా యాస పెట్టగా విని పెరిగారు. వాళ్ళకది నవ్వొచ్చే భాష.

నేను చేసిన పని మాత్రం నాదే. కోడ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ చేసినట్టు మొత్తం మార్చేశాను. పోతుంటి వెతికి వెళ్ళేవాణ్ణి పెట్టాను. ఉండె తీసేసి ఉండేది. చూస్తుంటి తీసేసి చూస్తున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం అయ్యేసరికి నా నోట్లో ఒక్క 'టుంటి' కూడా మిగల్లేదు. ఉద్యోగంలో చేరాక మీది గుంటూరా అని అడిగిన వాళ్ళు కూడా ఉన్నారు. అప్పుడు అది పెద్ద సర్టిఫికెట్ లాగా అనిపించింది.

రీప్లేస్ ఆల్ కొట్టేముందు కోడ్ ఏం చేస్తోందో చదవాలని జూనియర్లకి రోజూ చెప్తుంటాను. నా విషయంలో నేను చదవలేదు. ఆ రాత్రి మెదక్‌లో పడుకోకుండా కూర్చుని చదివాను.

తినేవాడు అనే మాట ఎలా కట్టారో చూడండి. తినే + వాడు. అంటే 'తినే మనిషి'. 'రేపు వచ్చేవాడు ఎవరు' అన్నప్పుడూ అదే మాట, 'రోజూ వచ్చేవాడు' అన్నప్పుడూ అదే మాట. మనిషిని చెప్పే పదాన్నే పాత అలవాటు చెప్పే క్రియగా వాడుకుంటున్నాం. మంచి ఏర్పాటే, తప్పేం లేదు. ఇక తింటుండె. తింటు + ఉండె. స్కూల్లో గ్రాంథికంలో ఉన్న గద్యపాఠాలు చదివిన వాళ్ళకి 'తినుచుండెను', 'పోవుచుండెను', 'పోవుచుంటిమి' గుర్తుండే ఉంటాయి. వాటిల్లో 'చు' మెత్తబడి 'తు' అయింది, చివరి 'ను' రాలిపోయింది. పోవుచుండెను పోతుండె అయింది. పోవుచుంటిమి పోతుంటిమి అయింది. 'రాముడు వచ్చెను, సీత వచ్చెను' అన్నప్పుడు ఆడా మగా తేడా లేనట్టే పోతుండెలోనూ లేదు. అంటే మా తెలుగు మాస్టారు బోర్డు మీద రాసి తాత్పర్యం చెప్పిన మాటా, మా అమ్మ బావి దగ్గర మాట్లాడిన మాటా ఒకటే. పుస్తకంలో ఉంటే గ్రాంథికం, అరుగు మీద ఉంటే మోటు!

ఇంకో సంగతి. స్పానిష్ ఇంపర్‌ఫెక్ట్ రెండు పనులు చేస్తుందని పైన చెప్పాను కదా. ఒకటి పాత అలవాటు, రెండోది అప్పట్లో జరుగుతూ ఉన్న పని. 'తినేవాణ్ణి' మొదటిది ఒక్కటే చేస్తుంది. "నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను తినేవాణ్ణి" అంటే కుదరదు. అక్కడ "తింటున్నాను" అనాలి. ఆ తింటున్నాను ఇప్పటికీ పనికొస్తుంది, అప్పటికీ పనికొస్తుంది, కాలం పక్క మాటల్లోంచి వెతుక్కోవాలి. మా అమ్మ 'తింటుంటి' రెండూ చేస్తుంది. "చిన్నప్పుడు జొన్నరొట్టె తింటుంటి" అంటుంది, "నువ్వు ఫోన్ చేసినప్పుడు అన్నం తింటుంటి" అని కూడా అంటుంది. (తింటున్న అని కూడా అంటారు, కాదనను.) అంటే స్పానిష్ ఇంపర్‌ఫెక్ట్ చేసే రెండు పనులకీ సరిపోయే రూపం మా ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు ఆ క్లాసురూం వాక్యం మళ్ళీ చూడండి. బస్సు కోసం చూస్తుంటి. అది అలవాటు కాదు, ఆ పొద్దున జరుగుతూ ఉన్న పని. స్పానిష్‌లో 'ఎస్పెరాబ ఎల్ అవుతోబుస్'. ఏ స్పానిష్ టీచరైనా దానికి టిక్కు పెట్టి ముందుకెళ్తుంది. ముప్పై ఏళ్ళు నేను తప్పు అనుకుని సిగ్గుపడ్డ వాక్యంలో ఒక్క తప్పు కూడా లేదు. ఇది తెలుసుకోవడానికి నాకు టెక్సాస్ నుంచి వచ్చిన వర్క్‌షీట్ కావాల్సొచ్చింది, చూశారా.

రెండో రోజు ఇంటర్వ్యూలో ఇంకో పాఠం. పిల్ల తాతయ్య గురించి అడిగింది. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు. మెదక్ డిపో. అమ్మ చెప్పింది: "మీ తాత ఇరవై ఏడేండ్లు డ్రైవర్ పని చేసిండు. పొద్దుగాల నాలుగింటికే లేస్తుండె. పట్నం బస్సు తీస్తుండె. రాత్రి వచ్చినంక ఈ అరుగు మీదనే కూసుంటుండె, కాళ్ళు గుంజుతున్నయని నూనె రాసుకుంటుండె."

పిల్ల మొదటి వాక్యానికి 'త్రబహాబ' (పనిచేసేవాడు) అని రాసింది. ఇరవై ఏడేళ్ళంటే ఎంత పెద్ద కాలం, అంత సాగిన పనికి సాగే కాలమే ఉండాలని దాని లెక్క. ఇది స్పానిష్ నేర్చుకునే వాళ్ళందరూ పడే గొయ్యి, నేనూ పడ్డాను. ఎంత పెద్ద కాలమైనా సరే, ఇన్నేళ్ళు అని లెక్క కట్టి చెప్పామంటే అది ముగిసిన పని. అక్కడ 'త్రబహో' అనాలి. రూల్ వెతకడానికి పుస్తకం తీయబోతే పిల్ల తన నోట్సే చూపించింది. "నానమ్మ చేసిండు అంది. చేస్తుండె అనలేదు." నిజమే. ఇరవై ఏడేండ్లు చేసిండు. ఆ తర్వాత లెక్కలేని పొద్దున్నలూ రాత్రులూ వచ్చేసరికి లేస్తుండె, తీస్తుండె, కూసుంటుండె. ఒక్కచోట కూడా తప్పు పోలేదు. మామూలు తెలుగులోనూ అంతే అనుకోండి. మెదక్ చర్చిని 1914 నుంచి 1924 దాకా పదేళ్ళు కట్టారు అంటాం గానీ పదేళ్ళు కట్టేవారు అనం. కరువు రోజుల్లో ఆ పనికి వచ్చిన వాళ్ళకి పాస్నెట్ దొరగారు తిండి పెట్టేవారు అంటాం. కట్టడానికి లెక్క ఉంది, తిండికి లెక్క లేదు.

నాన్న 2019లో పోయాడు. ఆ ఇరవై ఏడేళ్ళు డిపో కాగితాల్లో ఉన్నాయి, పెన్షన్ ఫైల్లో ఉన్నాయి. నూనె రాసుకోవడం ఏ ఫైల్లోనూ లేదు. అది అమ్మ చెప్పే 'రాసుకుంటుండె'లో ఒక్కచోటే ఉంది. నేను దాన్ని రాసుకునేవాడు అని మారిస్తే అర్థం మారదు. అర్థం ఒక్కటే అయితే గొడవ లేదు. కానీ మా ఇంట్లో ఆ అరుగు మీద కూర్చున్న మనిషిని 'కూర్చునేవాడు' అని ఎవరూ ఏనాడూ అనలేదు. ఆయన గురించి ఆయన భాషలోనే చెప్పుకోవాలి కదా.

వచ్చేరోజు మా ఊరి రైలెక్కాం. మెదక్ టౌన్‌కి రైలు 2022 సెప్టెంబరులో వచ్చింది. అంతకుముందు మాకు దగ్గర స్టేషన్ అక్కన్నపేట. స్టేషన్‌కి ఆటోలో వెళ్తూ అమ్మ పిల్లకి ఊరు చూపించింది. "ఇంతకుముందు రైలు రాకపోతుండె. అందరం మీ తాత బస్సులనే పోతుంటిమి. జిల్లా పేరు మాదే గానీ కలెక్టరాఫీసు సంగారెడ్డిల ఉండె." జిల్లా కేంద్రం మా ఊరికి 2016 దసరానాడు వచ్చింది. అప్పటిదాకా మెదక్ వాళ్ళు మెదక్ కలెక్టర్ని కలవాలంటే సంగారెడ్డి పోవాల్సిందే.

రాకపోతుండె అనే మాట విని పిల్ల మళ్ళీ పెన్ను తీసింది. ఇది 'వచ్చేది కాదు' అనేదానికి మా అమ్మ రూపం. అంతకుముందు రోజు ఇలాంటిదే ఒకటి వచ్చింది. "మీరు ఏ బడికి వెళ్ళేవారు" అని అడిగితే అమ్మ "బడికి పోకపోతుంటి బిడ్డా" అంది. అన్నదమ్ములు పోతుండిరి, తను పోకపోతుంటి. పిల్ల దాన్ని 'నో ఈబ' అని రాసుకుంది. ఆ దారి తప్పిన మూడు క్రియల్లో ఒకటి. బడి మొహం చూడని మనిషి చెప్పిన వాక్యాలతో బడి హోంవర్క్ పూర్తయింది.

ఇదంతా చదివి నేను యాస జెండా ఎత్తుతున్నానని అనుకోకండి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవం అని జరుపుతున్నారు, సంతోషం. 2023లో వచ్చిన బలగం సినిమాలో ఇంటిల్లిపాదీ మా భాష మాట్లాడుతుంటే హాల్లో ఎవరూ వెక్కిరించలేదు, అదీ సంతోషమే. నేను చెప్పేది ఇంకా చిన్న విషయం. మన పిల్లలు అక్కడ స్పానిషో ఫ్రెంచో నేర్చుకుంటున్నారు. వాటికి రూల్స్ అన్నీ ఇంగ్లీషులోంచి చెప్తే వంద పేజీలవుతుంది. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో మాట్లాడే భాషలో ఆ రూల్ ఇప్పటికే కట్టి ఉండొచ్చు. గుంటూరువాళ్ళకి 'తినేవాళ్ళం' అదే పని చేస్తుంది, సగం దాకానైనా. మిగతా జిల్లాల్లో ఏమంటారో మీ ఇళ్ళల్లో వినండి. దిద్దకముందు ఒకసారి చార్ట్ వేసి చూడండి. గడులన్నీ నిండితే అది తప్పు భాష కాదు. దానికి వ్యాకరణం ఉంది, ఎవరో రాసిపెట్టలేదంతే.

టెక్సాస్ వచ్చాక నా పాత మాట వెనక్కి తెచ్చుకుందామని ప్రయత్నం చేశాను. ఆదివారం అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, నిన్న నీ గురించే యాది చేసుకుంటుంటిమి" అన్నాను. రెండు సెకన్లు నిశ్శబ్దం.

"ఏందిరా గట్ల మాట్లాడుతున్నవ్? సినిమా చూసినవా?" అని నవ్వింది.

వెర్షన్ వెనక్కి తిప్పడం అంత సులువు కాదని అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్ళు వాడని మాట నోట్లో అరువు తెచ్చినట్టే ఉంటుంది. 'తింటుంటి' కంటే 'కొమీయ' నాకు తొందరగా తిరుగుతోంది, ఇది చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. పిల్లకి ఆ బాధ లేదు. దానికి నానమ్మ వర్క్‌షీట్ వెనకాల వేసిన చార్ట్ ఉంది. స్పానిష్ చార్ట్ పక్కనే గోడకి అంటించుకుంది. పోయిన వారం ఫోన్ అందుకుని "నానమ్మా, నేను చేసినప్పుడు ఏం చేస్తుంటివి?" అని అడిగింది. 'మీరు' లేదు, 'చేస్తున్నారు' లేదు.

అవతల అమ్మ సినిమా అని నవ్వలేదు. "గోంగూర తెంపుతుంటి బిడ్డా" అని మాటల్లో పడింది.